అమ్మానాన్నల చేతికి కట్టిన వాచీ అడుగులు సరిగ్గా లెక్కపెడుతోందా? ఇంట్లోనే ఇలా తేల్చుకోండి

డెబ్బై దాటిన నాన్నగారి చేతికి స్మార్ట్‌వాచీ కట్టాం. సాయంత్రం చూస్తే అందులో 1,400 అడుగులే ఉన్నాయి. "ఏంటి నాన్నా, ఇవాళ కదల్లేదా?" అని వెంటనే అడిగేస్తాం. ఆయనేమో పొద్దున్నే పాల ప్యాకెట్లకు వెళ్ళొచ్చారు, మొక్కలకు నీళ్ళు పోశారు, రెండుసార్లు మేడెక్కి దిగారు. గుంటూరులో అమ్మ వేసే అడుగులను డాలస్‌లో కూర్చుని ఫోన్‌లో చూసుకునే పిల్లలైతే ఆ అంకెను ఇంకా గట్టిగా నమ్ముతారు, వాళ్ళకు కనిపించేది అదొక్కటే కాబట్టి.

అలా అడిగే ముందు ఆ వాచీ ఆ మనిషి నడకను పట్టుకోగలుగుతోందో లేదో తేల్చుకోవాలి. చురుగ్గా, చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్ళ దగ్గర ఈ వాచీలు బాగానే పనిచేస్తాయి. నెమ్మదిగా నడిచేవాళ్ళు, కాళ్ళు ఈడుస్తూ నడిచేవాళ్ళు, చేతికర్రో వాకరో పట్టుకునేవాళ్ళు వేసే అడుగుల్లో చాలా భాగం వాటి లెక్కలోకి రావు. నడిచిన మనిషిని నడవలేదనడం అన్యాయం. ఒక పూట ఓపిక చేసుకుంటే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. దానికి కావలసినవి కొలత టేపు, సెకన్లు చూపించే ఫోను, ఒక జపమాల, ఒక కాగితం.

వాచీ అడుగును ఎలా గుర్తుపడుతుంది?

వాచీకి పాదం కనబడదు. లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. అది పైకీ కిందకీ, ముందుకూ వెనక్కీ, పక్కలకూ వచ్చే కుదుపులను కొలుస్తుంది. పాదం నేలను తాకినప్పుడు పుట్టిన కుదుపు ఒళ్ళంతా పాకి మణికట్టు దాకా వస్తుంది, దానికి చేతి ఊపు తోడవుతుంది. ఆ కుదుపు తగినంత బలంగా ఉండి, ఒక లయలో మళ్ళీ మళ్ళీ వస్తే వాచీ దాన్ని అడుగు అనుకుంటుంది. చెయ్యి ఊపిన ప్రతిసారీ లెక్క పెరిగిపోకుండా చాలా వాచీల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంటుంది. వరుసగా కొన్ని అడుగులు పడ్డాకే అది నడక అని నిర్ధారించుకుని, వాటన్నిటినీ ఒకేసారి లెక్కలో కలుపుతాయి.

పెద్దవాళ్ళ దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. పాదం పూర్తిగా లేవకపోతే కుదుపు బలహీనంగా ఉంటుంది. వేగం తగ్గితే లయ అందదు. పైగా మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నడిచేది ముక్కలు ముక్కలుగా. వంటింట్లోంచి దేవుడి గదికి ఆరడుగులు, అక్కడ ఆగడం, హాల్లోకి ఎనిమిది అడుగులు, కూర్చోవడం. రోజంతా తిరుగుతూనే ఉన్నా ఆ ముక్కల్లో చాలావరకు లెక్కలోకి రావు.

మొదట నడక వేగం కొలవండి

హాల్లోనో వరండాలోనో నాలుగు మీటర్ల దూరం టేపుతో కొలిచి, రెండు చివరలా సుద్దతో గీత గీయండి. మొదటి గీతకు ఒక మీటరు ముందు నుంచి నడక మొదలుపెట్టమనండి, రెండో గీత దాటాక కూడా నాలుగడుగులు నడిచి ఆగమనండి. రెండు గీతల మధ్య పట్టిన సమయం మాత్రమే చూడండి. "త్వరగా నడవండి" అనకండి. "బజారుకు వెళ్ళేటప్పుడు ఎలా నడుస్తారో అలాగే" అనండి, చాలు.

ఐదు సెకన్లలోపు దాటేస్తే వేగం సెకనుకు 0.8 మీటర్లకు తగ్గలేదని అర్థం. వృద్ధుల నడకను పరీక్షించే డాక్టర్లు కూడా చాలాచోట్ల ఈ 0.8 నే గీతగా పెట్టుకుంటారు. ఐదు సెకన్లు దాటితే వాచీ అంకెను అనుమానించడం మొదలుపెట్టాలి. ఎనిమిది సెకన్లో, అంతకంటే ఎక్కువో పట్టిందంటే వేగం సెకనుకు అర మీటరుకు పడిపోయిందన్నమాట. ఆ వేగంలో మణికట్టుకో నడుముకో పెట్టుకునే పరికరాల్లో చాలావాటికి అడుగులు పెద్ద ఎత్తున తప్పిపోతాయని వృద్ధులతో చేసిన పరిశోధనల్లో పదేపదే తేలింది. వేగం అంతగా తగ్గిపోవడం డాక్టరుకు చెప్పవలసిన సంగతి కూడా. వాచీ గొడవ ఎలా ఉన్నా ఆ మాట మాత్రం దాచుకోకండి.

జపమాలతో అసలు లెక్క

నడిచే మనిషినే లెక్కపెట్టుకోమంటే ధ్యాసంతా లెక్కమీదకు పోయి నడక మారిపోతుంది. అందుకని లెక్క మీరు పెట్టాలి. వంద దాటితే నోటిలెక్క తప్పుతుంది కాబట్టి జపమాల తీసుకోండి. కుడి పాదం నేలమీద పడిన ప్రతిసారీ ఒక పూస జరపండి. మాల ఒక చుట్టు పూర్తయ్యేసరికి 108 కుడి అడుగులు పడతాయి, రెండు కాళ్ళవీ కలిపి 216. మాల తిప్పడం ఇష్టం లేకపోతే ఆ పని చింతపిక్కలతోనూ అవుతుంది.

మొదలుపెట్టే ముందు వాచీలో ఉన్న అంకె రాసుకోండి. మీరు అరడుగు వెనకగా, పక్కన నడవండి. ముందు నడిస్తే మీ వేగాన్ని అందుకోవాలని వాళ్ళు తెలియకుండానే తొందరపడతారు, పరీక్ష పాడవుతుంది. తూలిపోయే స్వభావం ఉన్నవాళ్ళైతే చెయ్యి అందేంత దగ్గరలోనే ఉండండి. 216 పూర్తయ్యాక కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం ఆగి వాచీ చూడండి. కొన్ని వాచీల్లో అంకె కాస్త ఆలస్యంగా మారుతుంది, వెంటనే చూస్తే లేని తప్పు కనబడుతుంది.

పెడోమీటర్లకు, అంటే అడుగులు లెక్కపెట్టే పరికరాలకు, జపాన్ పారిశ్రామిక ప్రమాణం వందకు మూడు అడుగులకు మించి తేడా ఒప్పుకోలేదు. ఇంటి అవసరానికి అంత పట్టింపు అక్కర్లేదు. నా దృష్టిలో వందకు పది వరకూ తేడా ఉన్నా వాడుకోవచ్చు, అంటే 216 కి వాచీలో 194 నుంచి 238 మధ్య ఎంత వచ్చినా ఫరవాలేదు. 160 వస్తే ప్రతి నాలుగు అడుగుల్లో ఒకటి పోతోందన్నమాట. 90 వస్తే ఆ చోట, ఆ చేతికి ఆ వాచీ పనికిరాదు.

ఒక్కసారి చూసి వదిలేయకండి. మేడమీదో వీధిలోనో తిన్నగా నడిపించి ఒకసారి చూడండి. ఇంట్లో గదికీ గదికీ మధ్య మామూలుగా ఆగుతూ, తిరుగుతూ నడిపించి ఇంకోసారి చూడండి. ఈ రెండోది చాలామంది చేయరు, అసలు నిజం బయటపడేది అందులోనే. తిన్నని నడకలో 210 చూపించిన వాచీయే గదుల మధ్య నడకలో సగానికి పడిపోవచ్చు. కర్రో వాకరో వాడేవాళ్ళైతే దానితోనే నడిపించండి. పరీక్ష కోసమని వాకర్ పక్కన పెట్టించడం ప్రమాదం, దానివల్ల తేలేదీ ఏమీ ఉండదు.

కూర్చున్నప్పుడు ఎంత పెరుగుతోంది?

ఇది రెండో వైపు పరీక్ష. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాలు బెండకాయలు తరగమనండి. చపాతీలు వత్తడం, పప్పు రుబ్బడం, భజనలో తాళం వేయడం, పూజలో గంట వాయించడం, వీటిలో ఏ పని ఎక్కువ చేస్తారో దాన్నే పరీక్షగా పెట్టుకోండి. ముందూ వెనకా అంకె చూడండి. గతుకుల రోడ్డుమీద ఆటోలోనో బస్సులోనో వెళ్ళినప్పుడు కూడా ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి చూడండి. పార్కిన్సన్ వల్ల చెయ్యి వణికేవాళ్ళకు ఆ వణుకూ అడుగులుగా చేరిపోవచ్చు.

తక్కువ చూపించే వాచీ కంటే ఎక్కువ చూపించే వాచీ అంటేనే నాకు ఎక్కువ భయం. తక్కువ చూపిస్తే మనసు కష్టపడుతుంది, అంతే. ఎక్కువ చూపిస్తే మనిషి రోజురోజుకూ కుర్చీకి అతుక్కుపోతున్నా మనకు తెలియదు. ఏ పని చేసినా అంకె పెరిగిపోతుంటే, వాచీని ఆ పని చేయని చేతికి మార్చి మళ్ళీ చూడండి.

ఎక్కడ పెట్టుకోవాలి?

మణికట్టే అందరికీ అలవాటు, సుఖం కూడా. చేతినిండా గాజులున్న చోట వాచీ వాటిమధ్య ఇరుక్కుని అటూ ఇటూ జారుతుంటుంది. గాజులు తక్కువున్న చేతికి పెట్టండి, లేదా గాజులకు పైన, మోచేతి వైపు రెండంగుళాలు జరిపి కట్టండి. పట్టీ కింద ఒక వేలు దూరేంత చోటుండాలి. వయసు మీదపడ్డాక చర్మం పల్చబడుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకు కాస్త ఒత్తిడికే కమిలిపోతుంది. రాత్రిపూట తీసేసి, పట్టీ తుడిచి ఆరబెట్టడం మంచిది.

వాకర్ పట్టుకున్నవాళ్ళకు మణికట్టు దండగ. రెండు చేతులూ పిడులమీద కదలకుండా ఉంటాయి, కాబట్టి ఎంత నడిచినా వాచీకి అందేది కొంచెమే. సూపర్ మార్కెట్లో బండి తోస్తున్నప్పుడు మనకైనా అంతే. చేతికర్ర విషయంలో మాత్రం ముందే ఒక మాట చెప్పలేం. కర్ర పట్టిన చేతికి ఒకసారి, ఖాళీ చేతికి ఒకసారి కట్టి 216 పరీక్ష చేయండి, ఏది దగ్గరగా వస్తే అదే ఖాయం చేసుకోండి.

నడుముకు తగిలించుకునే క్లిప్పు పెడోమీటర్లు మనవాళ్ళ బట్టలకు అంతగా నప్పవు. అవి ప్యాంటు బెల్టును దృష్టిలో పెట్టుకుని చేసినవి. చీర కట్టేవాళ్ళు లంగా బొందుకు, తుంటి ఎముక పక్కగా తగిలించుకుంటే కాస్త నిలకడగా ఉంటుంది. కుచ్చిళ్ళలో దోపితే వేలాడుతుంది. లుంగీ మడతలో పెట్టినదైతే లుంగీ ఎగ్గట్టిన ప్రతిసారీ చోటు మారుతుంది.

బాగా నెమ్మదిగా నడిచేవాళ్ళ దగ్గర చీలమండకు కట్టిన పరికరం నడుముది, మణికట్టుది కంటే నమ్మకంగా లెక్కిస్తుంది. కారణం తేలికే. నడక ఎంత నెమ్మదైనా, చెయ్యి కదలకపోయినా, కాలు కదలక తప్పదు. చేతి బ్యాండునే కాలికి కట్టి చూడొచ్చు. కొన్ని ఆ ఒక్క కాలి అడుగులే లెక్కేసి సగం చూపించవచ్చు, మీ 216 పరీక్షలో ఆ సంగతి తెలిసిపోతుంది. ఎప్పుడూ సగమే చూపిస్తే రెండింతలు చేసుకుంటే సరి. అయితే షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు, సాయంత్రానికి కాళ్ళు వాచేవాళ్ళకు చీలమండ మీద పట్టీ కట్టకండి. బిగుసుకున్నా వాళ్ళకు తెలియదు.

ఇక ఫోను. ఫోన్‌లో అడుగుల యాప్ ఉందని సంబరపడేవాళ్ళు ఒకటి గమనించాలి. జేబులో ఉన్నంతసేపే అది లెక్కపెడుతుంది. లుంగీకి జేబుండదు, చీరకు అసలే ఉండదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను టీవీ పక్కనో ఛార్జింగ్‌లోనో ఉంటుంది. కాబట్టి ఫోన్ అంకెను వాకింగ్‌కు వెళ్ళొచ్చిన లెక్కగా తీసుకోవచ్చు కానీ రోజంతటి నడకగా కాదు. పేస్‌మేకర్ ఉన్న నాన్నగారు ఫోనును ఎడమవైపు చొక్కా జేబులో పెట్టుకునే అలవాటు మానుకోవాలి. అయస్కాంతాలున్న ఫోన్లను, వాచీలను అలాంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు దూరంలో ఉంచాలని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ చెబుతోంది.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు అడుగుల లెక్కతో పనిలేదు. యాపిల్ వాచీలో వీల్‌చెయిర్ సెట్టింగ్ పెడితే చక్రాన్ని ఎన్నిసార్లు తోశారో చెబుతుంది.

సెట్టింగుల్లో చూడవలసినవి

కొనిచ్చిన కొడుకో మనవరాలో తమ ఎత్తు, తమ వయసు వేసి ఇచ్చేసిన వాచీలు చాలా ఉంటాయి. పెట్టుకునే మనిషి వివరాలే ఉన్నాయో లేదో చూడండి. ఫిట్‌బిట్ లాంటివాటిలో ఏ చేతికి కట్టారో చెప్పే సెట్టింగ్ కూడా ఉంటుంది. ఎక్కువ పనిచేసే చెయ్యి అని పెడితే వాచీ సున్నితత్వం తగ్గుతుంది, దొంగ అడుగులు తగ్గుతాయి. అడుగులు తప్పిపోతున్న మనిషికి రెండో చెయ్యి అని పెట్టి చూడండి.

దూరం లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. చాలా వాచీలు ఎత్తును బట్టి అడుగు పొడవును ఊహిస్తాయి. 162 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి అడుగు సుమారు 67 సెంటీమీటర్లు అనుకుంటాయి. పది మీటర్లు కొలిచి అమ్మను నడిపించండి, 22 అడుగులు పడితే ఆవిడ అడుగు పొడవు 45 సెంటీమీటర్లే. 3,000 అడుగులకు వాచీ రెండు కిలోమీటర్లు అంటుంది, నిజంగా నడిచింది 1,350 మీటర్లు. యాప్‌లో అడుగు పొడవు మార్చుకునే వీలుంటే మార్చండి. లేకపోతే దూరాన్నీ, దాన్నిబట్టి వచ్చే కేలరీలనూ చూడడం మానేయండి. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళు ఆ కేలరీలు చూసి తిండి పెంచకూడదు.

అంకెను ఎలా వాడుకోవాలి?

216 కి 160 చూపించే వాచీ ఉంటే, వచ్చిన అంకెను 1.35 తో గుణిస్తే అసలు తెలుస్తుందని అనిపిస్తుంది. ఆ ఒక్క రకం నడకకు అది నిజమే. రోజులో తిన్నని నడక, ముక్కల నడక, కూర్చుని చేసే పని అన్నీ కలిసిపోతాయి కాబట్టి రోజు మొత్తానికి ఆ గుణకారం పనిచేయదు.

ఈ వాచీలు నిజంగా పనికొచ్చేది ఒక మనిషి ఈ వారం నడకను అదే మనిషి పోయిన వారం నడకతో పోల్చడానికి. తప్పు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటే పోలిక చెడదు. అందుకని అదే వాచీ, అదే చెయ్యి, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా పెట్టుకోవడం, వీటిని మార్చకండి. మొదటి వారం కొత్త మోజులో ఎక్కువ నడుస్తారు, దాన్ని వదిలేయండి. రెండో వారం ఏడు రోజుల సగటు కట్టి అదే వాళ్ళ మామూలు అంకె అనుకోండి. అది 2,100 అయితే 2,100 తోనే మొదలు. పక్కింటి వాళ్ళ 7,000 తో పోల్చకండి, వాళ్ళ వాచీ వేరు, నడక వేరు.

ఆ సగటు ఒక్కసారిగా పడిపోతే మొదట ఛార్జింగ్ ఉందో లేదో, పట్టీ వదులయిందో చూడండి. అవి బాగుంటే మనిషిని చూడాలి. మోకాలి నొప్పి పెరిగిందా, ఆయాసం వస్తోందా, కొత్త బీపీ మాత్ర మొదలుపెట్టాక కళ్ళు తిరుగుతున్నాయా, ఎవరికీ చెప్పకుండా ఎక్కడైనా జారిపడ్డారా, దిగులుగా ఉంటున్నారా? పడిన సంగతి పెద్దవాళ్ళు తరచూ దాస్తారు. పిల్లలు కంగారుపడతారని ఒక కారణం, ఇక బయటకు వెళ్ళనివ్వరని ఇంకో కారణం. వారాల సగటులు కాగితం మీద రాసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, "ఈమధ్య తక్కువ నడుస్తున్నారండీ" అనే మాటకంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

లక్ష్యం ఎంత పెట్టాలి? వాచీ పెట్టెలోంచే 10,000 లక్ష్యంతో వస్తుంది, దాన్ని మొదటి రోజే మార్చేయండి. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965 లో, యమాసా అనే జపాన్ కంపెనీ తన పెడోమీటరుకు పదివేల అడుగుల మీటరు అన్న అర్థమొచ్చే పేరు పెట్టి అమ్మింది. ఆ అంకె అలా నిలిచిపోయింది, వృద్ధుల ఆరోగ్యం కొలిచి తేల్చినది కాదు. 2019 లో అమెరికాలో ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలి బృందం సగటు వయసు 72 ఉన్న 16,741 మంది స్త్రీల నడకను కొలిచింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసినవాళ్ళతో పోలిస్తే 4,400 వేసినవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు తేడా పెద్దగా కనబడలేదు. 15 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక వ్యాసం 60 దాటినవాళ్ళకు ఈ మేలు 6,000 నుంచి 8,000 మధ్య నిలకడకు వస్తుందని చెప్పింది. ఆరోగ్యం బాగున్నవాళ్ళే ఎక్కువ నడుస్తారన్న సంగతి కూడా ఇందులో కలిసి ఉంటుంది. పైగా లీ బృందం వాడినది నడుముకు పెట్టుకునే పరిశోధన పరికరం. మీ వాచీలో 4,400 అంటే అందులోనూ 4,400 అని కాదు. అందుకే నేనైతే వాళ్ళ సొంత సగటు మీద మూడు నాలుగు వందలు పెంచి, అది అలవాటయ్యాక ఇంకాస్త పెంచమంటాను. గుండె జబ్బో ఆపరేషనో ఉంటే ఆ పెంపు డాక్టరు చెప్పినట్టే.

ఇంకో సంగతి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే శక్తిని, కండబలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో చెప్పింది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం లాంటివన్నమాట. వాటికి వాచీలో ఒక్క అడుగూ పెరగదు. అంకె పెరగలేదని వాటిని మాన్పించకండి.

ఏం చేసినా వాచీ దారికి రాకపోతే అడుగులు వదిలేసి నిమిషాలు పట్టుకోండి. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో "పొద్దున 15, సాయంత్రం 10" అని రాసుకోవడం ఎనభై ఏళ్ళ మనిషికీ చేతనవుతుంది. దూరాన ఉన్న పిల్లలు వారానికోసారి ఆ పేజీ ఫోటో పంపమంటే చాలు.

పరీక్ష బాగా వచ్చినవాళ్ళు కూడా ఆరు నెలలకోసారి మళ్ళీ జపమాల తీయండి. మోకాలి ఆపరేషన్ అయినా, కొత్తగా కర్ర పట్టుకున్నా, వాచీ మార్చినా, వాచీ సాఫ్ట్‌వేర్ పెద్దగా మారినా ఆరు నెలల దాకా ఆగకుండా అప్పుడే చేయండి. పాత సగటును కొత్త సగటుతో కలపకుండా, ఆ తేదీ దగ్గర గీత గీసి కొత్త లెక్క మొదలుపెట్టండి.